అడుగుల లెక్క – బరువు లెక్క

తెల్లవారుజామున హైదరాబాదులో కె.బి.ఆర్. పార్కు చుట్టును, విశాఖపట్టణమున సముద్రపు ఒడ్డు రోడ్డు మీదను నడక సాగించువారిని గమనించినచో, అనేకుల మణికట్టుకు ఒక నల్లని రబ్బరు పట్టీ కనిపించును. అంగళ్ళలో దీనిని ఫిట్‌నెస్ ట్రాకర్ అనియు, ఫిట్‌నెస్ బ్యాండ్ అనియు పిలుచుచున్నారు. వేళ చెప్పుట దీనికి చిన్న పని. ఎన్ని అడుగులు పడినవి, గుండె నిమిషమునకు ఎన్నిమార్లు కొట్టుకొన్నది, ఎన్ని కెలోరీలు ఖర్చయినవి, రాత్రి నిద్ర ఎంతసేపు పట్టినది అను లెక్కలన్నియు ఇది ఒప్పజెప్పును. నడచువాడు నడుమ నడుమ చేయి పైకెత్తి చూచుకొనును. అడుగులు తక్కువగా కనిపించినచో ఇంకొక చుట్టు తిరిగివచ్చును. ఇంతవరకు మేలే. కాని ఇంటికి పోవు దారిలో ఆతడే మరల చేయెత్తి, 245 కెలోరీలు అను అంకెను చూచుకొని, ఇంత శ్రమపడినందుకు రెండు గారెలు తినిన తప్పులేదనుకొని హోటలు మెట్లెక్కును. పరిశీలింపదగినది ఈ రెండవ చూపు.

ఈ పట్టీ బరువును తగ్గించునను మాటకు శాస్త్రీయమైన ఆధారమెంత? అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయమున జాన్ జాకిచిచ్ నాయకత్వమున జరిగిన ఒక ప్రయోగ ఫలితము 2016 సెప్టెంబరులో అమెరికన్ వైద్యసంఘ పత్రికలో వెలువడినది. అది పట్టీలు చేయువారికి కోపమును, వార్తాపత్రికలకు మంచి శీర్షికలను కలిగించినది. ఆ ప్రయోగమును, దానిని లోకము చదివిన తీరును పరీక్షించుటకు ముందు, అసలు ఈ పట్టీ దేనిని కొలుచుచున్నదో తెలిసికొనుట అవసరము.

బస్సు హఠాత్తుగా ఆగినప్పుడు నిలుచున్న ప్రయాణీకుడు ముందుకు తూలును. దీనికి కారణము జడత్వమని విద్యార్థులెల్లరు ఎరుగుదురు. పట్టీ లోపల సరిగా అట్టి ప్రయాణీకుడే ఒకడున్నాడు. సిలికాను పలుకులో చెక్కబడిన అతి సూక్ష్మమైన దువ్వెన వంటి భాగమొకటి సన్నని స్ప్రింగులపై వ్రేలాడుచుండును. చేయి ఊగినప్పుడు ఆ దువ్వెన ఒకింత వెనుకబడును. అప్పుడు దాని పండ్లకును, ప్రక్కనున్న కదలని పండ్లకును నడుమ ఎడము మారును. ఎడము మారినచో కెపాసిటెన్సు మారును. ఆ మార్పు విద్యుత్సంకేతముగా వెలువడును. ఇట్టి అమరిక మూడు దిక్కులందును ఉండును. మనుష్యుడు మామూలుగా నడచునప్పుడు నిమిషమునకు నూరు, నూట ఇరువది అడుగుల చొప్పున ఒక లయ ఏర్పడును. పట్టీలోని ప్రోగ్రాము ఆ లయను వెదకి, ఒక్కొక్క ఊపును ఒక్కొక్క అడుగుగా లెక్కించును. కనుక భజనలో తాళము వేయువాని చేతికి కూర్చున్నచోటనే అడుగులు జమ పడవచ్చును. చేతులతో బండిని త్రోసికొనుచు మైలు దూరము నడచినవానికి పడకపోవచ్చును. అయినను మామూలు నడక వరకు ఈ లెక్క నమ్మదగినదే.

గుండె లెక్క మరియు చక్కనిది. పట్టీ అడుగుభాగమున ఆకుపచ్చని కాంతి మినుకుమినుకుమనుచుండును. రక్తము ఆకుపచ్చని కాంతిని ఎక్కువగా పీల్చుకొనును. గుండె కొట్టుకొనినప్పుడెల్ల చర్మము క్రిందికి రక్తము హెచ్చుగా వచ్చును. తిరిగివచ్చు కాంతి ఆ మేరకు తగ్గును. ఈ హెచ్చుతగ్గులను లెక్కించినచో నాడి తెలియును.

చేతి ఊపు, తిరిగివచ్చిన కాంతి – పట్టీ నిజముగా కొలుచునది ముఖ్యముగా ఈ రెంటినే. మరి కెలోరీలు? వానిని పట్టీ కొలువదు. మనుష్యుడు ఎంత శక్తిని ఖర్చు చేసెనో కొలువవలెనన్నచో, ఆతడు పీల్చి వాడుకొనిన ఆక్సిజన్‌ను కొలువవలెను. అందుకు ముఖమునకు తొడుగు బిగించి, పీల్చిన గాలిని విడిచిన గాలితో పోల్చి చూతురు. రోజుల తరబడి కొలుచుటకు వేరొక ఉపాయము కలదు. బరువైన హైడ్రోజన్, బరువైన ఆక్సిజన్ పరమాణువులు కలిసిన నీటిని త్రాగించి, ఆ రెండును శరీరమునుండి ఏయే వేగముతో వెడలిపోవుచున్నవో మూత్ర పరీక్షవలన తెలిసికొందురు. హైడ్రోజన్ నీటితో మాత్రమే పోవును. ఆక్సిజన్ నీటితోను, కార్బన్ డయాక్సైడ్‌తోను పోవును. రెంటికి గల తేడాయే శరీరములో దహనమైన ఇంధనమునకు సాక్ష్యము. అమెరికాలోని మిన్నెసోటాలో నాథన్ లిఫ్సన్, ఆతని సహచరులు 1955లో ఈ పద్ధతిని ఎలుకలపై నిరూపించిరి. మణికట్టు మీద ఇట్టి సాధనమేదియు లేదు. పట్టీ తనకు తెలిసిన ఊపును, నాడిని తీసికొని, కొన్నవాడు మొదట నమోదు చేసిన వయస్సు, ఎత్తు, బరువులను కలిపి, ఒక సూత్రములో వేసి, కెలోరీల అంకెను ఊహించును. ఊహ అనుట నిందకాదు; విజ్ఞానశాస్త్రమున ఊహలకు గౌరవస్థానమే కలదు. కాని ఊహను కొలతవలె అద్దము మీద వెలిగించుట వేరు.

ఆ ఊహ ఎంత గురి తప్పునో 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు పరీక్షించిరి. ఆనాడు అంగళ్ళలో దొరకిన 7 రకముల పట్టీలను 60 మందికి కట్టి, నడిపించి, పరుగెత్తించి, సైకిలు త్రొక్కించి, అదే సమయమున వారి ఊపిరిని కూడ కొలిచిరి. నాడి విషయమున ఏడింటిలో ఆరు పట్టీలు నూటికి 5 లోపు దోషముతో నెగ్గినవి. కెలోరీల విషయమున అన్నిటికంటె మంచి పట్టీ సగటున నూటికి 27 తప్పినది. అన్నిటికంటె చెడ్డది నూటికి 93 తప్పినది. తరువాత వచ్చిన నమూనాలు కొంత మెరుగుపడి ఉండవచ్చును. కాని లోపలి ఏర్పాటు మూలసూత్రమున మారలేదు.

సూత్రమునకు తెలియనివి చాల కలవు. పుణెలోని చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌లోని జాన్ యుడ్కిన్ అను ఇద్దరు వైద్యులు 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫోటోను ప్రకటించిరి. ఎత్తుతో పోల్చి చూచు బరువు సూచిక, అనగా బి.ఎం.ఐ., ఇద్దరికిని 22.3. శరీరములోని కొవ్వు మాత్రము యుడ్కిన్‌కు నూటికి 9.1, యాజ్ఞిక్‌కు నూటికి 21.2. కూర్చున్నప్పుడు సైతము కండ కొవ్వుకంటె హెచ్చుగా ఇంధనమును ఖర్చు చేయును. ఎత్తు, బరువు మాత్రమే అడిగి తెలిసికొను యంత్రమునకు ఈ తేడా కంటబడదు. సన్నగా కనిపించుచు పొట్ట దగ్గర కొవ్వు దాచుకొను శరీరములు మన దేశమున ఎక్కువ కనుక, ఇది మనవారు మరువరాని సంగతి.

హోటలు మెట్లెక్కిన పెద్దమనిషి లెక్కను ఒకమారు చూతము. ఆతని బరువు 70 కిలోలు. కదలక కూర్చున్న మనుష్యుడు కిలో బరువుకు గంటకు సుమారు ఒక కెలోరీ చొప్పున ఖర్చు చేయును. ఆహార విషయమున కెలోరీ యనగా కిలోకెలోరీ యని అర్థము. గంటకు 5 కిలోమీటర్ల వేగముతో నడచినచో ఈ ఖర్చు ఇంచుమించు మూడున్నర రెట్లగును. అనగా గంటకు 245. కాని నడవక ఇంట కూర్చున్నను 70 కెలోరీలు ఎటులను ఖర్చగును. నడక వలన వచ్చిన అదనపు ఖర్చు 175 మాత్రమే. కొన్ని పట్టీలు ఈ రెంటిని వేరుచేసి చూపును; అనేకము మొత్తమునే చూపును. ఒక గ్రాము నూనెలో 9 కెలోరీలు కలవు. కనుక గంటసేపు నడిచి సంపాదించినది సుమారు 19 గ్రాముల నూనె. రెండు గారెలలోని పిండి, పప్పుల మాట అటుంచి, అవి మూకుడులో పీల్చుకొను నూనెయే ఈ సంపాదనలో చాల భాగమును ఆరగించును. ఇక అన్నిటికంటె మంచి పట్టీకి గల నూటికి 27 దోషమును ఈ 245కు వర్తింపజేసినచో, నిజమైన అంకె 179 కావచ్చును, 311 కావచ్చును. దోషమే అటు 66, ఇటు 66 కెలోరీలు. ఈ 66ను పాఠకులు గుర్తుంచుకొనవలెను.

ఇప్పుడు పిట్స్‌బర్గ్ ప్రయోగము. 18 నుండి 35 ఏండ్ల వయస్సు కలిగి, అధికమైన బరువుతో బాధపడుచున్న 471 మందిని 2010 అక్టోబరు నుండి 2012 అక్టోబరు వరకు చేర్చుకొనిరి. మూడు వంతులకు పైగా స్త్రీలు. అందరకును తక్కువ కెలోరీల ఆహారమును నిర్ణయించి, వ్యాయామమును పెంచుకొనుడని చెప్పి, బృందములుగా కూర్చుండబెట్టి సలహాలిచ్చిరి. ఆరు నెలలు గడచిన పిమ్మట అందరకును టెలిఫోను సలహాలు, సందేశములు, ఇంటర్నెట్టులో పాఠములు చేర్చిరి. అప్పుడే రెండు వర్గములకును తేడా మొదలయినది. ఒక వర్గమువారు తమ ఆహారమును, వ్యాయామమును తామే వెబ్‌సైటులో వ్రాసికొనవలెను. రెండవ వర్గమువారికి భుజము క్రింద కట్టుకొను యంత్రము నిచ్చిరి. అది కదలికతోపాటు చర్మము యొక్క ఉష్ణోగ్రతను, శరీరము నుండి వెడలు వేడిని కూడ పరీక్షించి శక్తి ఖర్చును అంచనా కట్టును. మొదటి నుండి లెక్కించి 24 నెలలు ముగియునప్పటికి, తామే వ్రాసికొనినవారు సగటున 5.9 కిలోలు తగ్గిరి. యంత్రము కట్టుకొనినవారు 3.5 కిలోలు మాత్రమే తగ్గిరి. తేడా 2.4 కిలోలు, అదియు యంత్రమునకు ప్రతికూలముగా.

పట్టీ కట్టుకొనినచో లావెక్కుదురని కొన్ని పత్రికలు వ్రాసినవి. ఇది తప్పు. రెండు వర్గములును బరువు తగ్గినవి; తొలి ఆరు నెలలలో ఎక్కువ తగ్గి, పిమ్మట రెండును కొంత తిరిగి పెరిగినవి. ఆ యంత్రము పాతకాలపుదనియు, మణికట్టుది కాక భుజముదనియు కొందరు వాదించిరి. ఇందు కొంత నిజము లేకపోలేదు. ఫలితము వెలువడునాటికే ఆ నమూనా అంగళ్ళనుండి తొలగినది. కాని కెలోరీలను ఊహించుటకు చేతి ఊపు ఒక్కదానికంటె ఆ యంత్రమునకు ఎక్కువ సాక్ష్యములు లభించుచుండెను గనుక, పాతదనుటతో వాదము ముగియదు.

ఆక్షేపింపదగిన అసలు విషయము వేరు. ఈ ప్రయోగము యంత్రము గలవారిని యంత్రము లేనివారితో పోల్చినదని అందరును చదివిరి. నిజమునకు అది రెండు విధముల పద్దును పోల్చినది. ఒకరు తమ చేతితో వ్రాసికొనిరి; ఒకరికి యంత్రము వ్రాసి పెట్టినది. వెనుక మన కోమట్ల అంగళ్ళలో రాత్రి దీపము ముందు కూర్చుండి చిట్టా వ్రాసి, దానిని ఆవర్జాకు ఎక్కించు అలవాటుండెడిది. అప్పు ఎంత పెరిగినదో ఆ వ్రాయు చేతికి ముందు తెలిసెడిది. గుమాస్తా వ్రాసి పెట్టిన పద్దును తిరుగవేసి చూచు యజమానికి ఆ ఎరుక అంతగా కలుగదు. పిట్స్‌బర్గ్‌లో జరిగినదియు ఇదియే కావచ్చును. లేదా నడిచితిని గదా యని ఎక్కువ తినిరో, అంకె తక్కువగా చూచి నిరుత్సాహపడిరో, నడక మీద చూపు నిలిపి కంచమును మరచిరో. ప్రయోగము వీనిలో దేనిని రుజువు చేయలేదు. యంత్రమును మొదటి దినము నుండి ఇచ్చిన వర్గమొకటి, యంత్రమును కట్టుకొనుచునే చేతితో కూడ వ్రాసికొను వర్గమొకటి ఉండియుండినచో కొంత తేలియుండెడిది. పైగా నలుగురిలో ఒకరు చివరి పరీక్షకు రాలేదు.

ఇంకొక చిక్కు కలదు. రెండు వర్గముల ఆహారములోను, వ్యాయామములోను చెప్పుకొనదగిన తేడా కనిపించలేదని పరిశోధకులే వ్రాసిరి. మరి 2.4 కిలోల తేడా ఎక్కడనుండి వచ్చినది? ఇక్కడ ఒక చిన్న గుణకారము ఉపకరించును. ఒక కిలో శరీరపు కొవ్వుకు సుమారు 7,700 కెలోరీలు. 2.4 కిలోలకు 18,480. యంత్రము వాడుకలోనుండిన 18 నెలలను 540 దినములుగా తీసికొని భాగించినచో, దినమునకు 34 కెలోరీలు. శరీరము బరువుతోపాటు తన ఖర్చును కూడ మార్చుకొనును గనుక ఇది స్థూలమైన లెక్కయే. అయినను పరిమాణము తెలియుటకు చాలును. 34 కెలోరీలనగా నాలుగు గ్రాములకు తక్కువ నూనె, ఒక టీ చెంచాడు కూడ కాదు. నిన్న ఏమి తింటిరని అడిగి వ్రాసికొను ప్రశ్నపత్రములకు ఈ చెంచాడు నూనె దొరకదు. వెనుక గుర్తుంచుకొనుడని కోరిన 66ను ఇప్పుడు దీని ప్రక్కన పెట్టి చూడవలెను. ఒక్క గంట నడకలో మంచి పట్టీ చేయు తప్పు, రెండేండ్ల ప్రయోగమున గెలుపు ఓటములను నిర్ణయించిన దినవారీ తేడాకు ఇంచుమించు రెండింతలు. కట్టెల అడితిలోని కాటా కట్టెలకు మంచిదే. దానిమీద ముక్కుపుడకను తూచి, తూకము వచ్చినదనుటయే తప్పు.

ఒక్క ప్రయోగమును పట్టుకొని తీర్పు చెప్పుట న్యాయము కాదు. అమెరికాలోనే దక్షిణ కెరొలినాలో 197 మందిపై తొమ్మిది నెలలు జరిగి 2011లో ప్రకటింపబడిన ప్రయోగమున, ఇట్టి భుజపు యంత్రమునే బృంద సలహాలతో కలిపి మొదటి నుండియు ఇచ్చినప్పుడు సగటున 6.59 కిలోలు తగ్గిరి. యంత్రము మాత్రమే ఇచ్చినవారు 3.55 కిలోలు తగ్గిరి. ఇది పిట్స్‌బర్గ్‌కు ఎదురు సాక్ష్యము. కాని కాలము తక్కువ. సింగపూరులో 13 సంస్థలకు చెందిన 800 మంది ఉద్యోగులపై ఒక ఏడాది జరిగి 2016లో వెలువడిన పరిశోధన మరియు ఆలోచింపజేయును. అచ్చట కొందరికి పట్టీతోపాటు నడిచినందుకు నగదు కూడ ఇచ్చిరి. డబ్బు ముట్టిన ఆరు నెలలు బాగుగా నడిచిరి; డబ్బు ఆగినది, ఆ పెరిగిన నడకయు నిలువలేదు. ఏడాది తిరుగునప్పటికి పదిమందిలో తొమ్మండుగురు పట్టీని విప్పివేసిరి. ఏ వర్గమునను బరువులో గాని రక్తపోటులో గాని చెప్పదగిన మేలు కనిపించలేదు. ఉద్యోగుల ఆరోగ్యమునకై పట్టీలను టోకున కొని పంచు యాజమాన్యములు ఈ ఫలితమును ఒకమారు చదువుట మంచిది.

పట్టీ పక్షమున చెప్పవలసినది కూడ లేకపోలేదు. దక్షిణ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయమువారు 2022లో ఇట్టి సమీక్షలనే 39 సమకూర్చి, సుమారు 1,64,000 మందికి సంబంధించిన ఫలితములను పరిశీలించిరి. పట్టీ కట్టుకొనినవారు దినమునకు సుమారు 1,800 అడుగులు ఎక్కువ నడుచుచున్నారనియు, బరువు సుమారు ఒక కిలో తగ్గుచున్నదనియు తేలినది. బరువు ఒక కిలోయే కావచ్చును. కాని ఆ 1,800 అడుగులు చిన్నవి కావు. సగటు వయస్సు 72 ఏండ్లు గల 16,741 మంది స్త్రీలపై హార్వర్డ్‌కు చెందిన ఐ-మిన్ లీ బృందము 2019లో ప్రకటించిన పరిశీలన ప్రకారము, దినమునకు 2,700 అడుగులు నడుచువారి కంటె 4,400 అడుగులు నడుచువారిలో మరణములు చాల తక్కువ. రెంటికి తేడా 1,700 అడుగులే. 7,500 దాటిన పిమ్మట అదనపు లాభము కనిపించలేదు. పది వేల అడుగులను ప్రసిద్ధమైన లక్ష్యము ఏ వైద్యశాల నుండియు పుట్టినది కాదు. టోక్యో ఒలింపిక్ క్రీడలు ముగిసిన మరుసటి ఏట, 1965లో, జపానులోని యమాసా కంపెనీ అమ్మిన అడుగుల మీటరు పేరు అది. గుండ్రని సంఖ్యకు గల ఆకర్షణ అంతటిది. ఐదు వేలు నడచి పది వేలు కాలేదని దిగులుపడు వృద్ధురాలికి ఈ చరిత్ర తెలియుట అవసరము.

కాబట్టి ఆక్షేపణ పట్టీపై కాదు, అద్దము మీది మూడవ అంకెపై. అడుగులను చూపనిమ్ము, నాడిని చూపనిమ్ము, అవి కొలతలు. కెలోరీలను చూపు తీరు మాత్రము మారవలెను. డిగ్రీ మొదటి సంవత్సరపు విద్యార్థి లోలకము ప్రయోగము చేసి, ఫలితము ప్రక్కన దోషపరిమితిని వ్రాయకున్నచో రికార్డు తిరిగి వచ్చును. వేల రూపాయల వెలగల ఈ యంత్రము 245 అని చూపును. సుమారు అను మాటయైనను ఉండదు. ఇందుకు క్రొత్త సాధనమేమియు అవసరము లేదు. కూర్చున్నను ఖర్చగు 70ని ముందుగా తీసివేసి, మిగిలినదానిని ఒక్క అంకెగా కాక, 110 నుండి 240 వరకు అని చూపుటకు ప్రోగ్రాములో కొలది పంక్తులను మార్చిన చాలును. అట్లు చూపినచో, హోటలు మెట్టు మీద కాలు మోపిన పెద్దమనిషి ఏ అంకెకు సరిపడ గారెలు తినవలెనో తోచక ఒక్క నిమిషము ఆగును.